దిండు మీంచి తల ఎత్తమని డాక్టరు ఎందుకు అడిగారు?

మా మావయ్య మిరప తోటలో లద్దె పురుగుకు మందు కొట్టి వచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తు. వీపున మోసిన ట్యాంకు మూత దగ్గర కారుతోందట. చొక్కా వెనకంతా తడిసిపోయింది. ఎండకు అదే ఆరుతుందిలే అనుకుని సగం రోజు అలాగే కొట్టాడు. ఇంటికొచ్చేసరికి నోట్లో నీళ్లు ఊరుతూనే ఉన్నాయి, కళ్లు కారుతున్నాయి, ఒళ్లంతా చెమట. వాంతులు, విరేచనాలు. "ఏమే, అంతా మసకగా కనబడుతోంది" అన్నాడు అత్తయ్యతో. లుంగీ పైకి జరిగినప్పుడు చూశాను, తొడ కండరాలు చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు వాటంతటవే అదురుతున్నాయి.

హాస్పిటల్లో డ్యూటీ డాక్టరు ముందు ఆ చొక్కా విప్పించి, ఒళ్లంతా సబ్బుతో కడిగించారు. తర్వాత కంట్లో టార్చి వేసి చూశారు. కంటిపాప గుండుసూది మొనంతే ఉంది. నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. వీపు మీద స్టెతస్కోపు పెట్టి కాసేపు విని, సిస్టరుతో "అట్రోపిన్" అన్నారు. ఆ రాత్రి గండం గడిచింది. కానీ తర్వాత నాలుగు రోజులూ రౌండ్సుకు వచ్చిన ప్రతిసారీ ఆయన ఒక్కటే అడిగేవారు: "పెద్దాయనా, దిండు మీంచి తల ఎత్తండి, చూద్దాం."

మందు మింగింది కాదు, చర్మంలోంచి దిగింది. అదేమో నోట్లో, కంట్లో, పేగుల్లో, గుండెలో, తొడల్లో ఒకేసారి తేడా చేసింది. ఇన్ని చోట్ల ఇన్ని రకాలుగా ఎలా చేసింది? ఇప్పుడేమో తల ఎత్తమంటున్నారు, దానికీ దీనికీ ఏమిటి సంబంధం? ఇవి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అర్థమయ్యాక మాత్రం, నాడీకణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఇంకోటి దొరకలేదు.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని లెక్క. ఇవి కరెంటు తీగల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉండవు. ఒక కణం కొసకూ, కబురు అందుకోవాల్సిన కణానికీ నడుమ సందు ఉంటుంది. ఆ సందు దగ్గరి అమరికనే సైనాప్స్ అంటారు. నరం వచ్చి కండరాన్ని కలిసే చోట ఈ సందు సుమారు 50 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో ఇంచుమించు వెయ్యో వంతు. నరం పొడుగునా విద్యుత్తుగా వచ్చిన కబురు ఈ సందు దాకా వచ్చి ఆగిపోతుంది. అవతలి గట్టుకు చేరాలంటే రసాయనంగా మారాలి.

ఇది కరెంటా, రసాయనమా అన్న వాదన చాలా ఏళ్లు నడిచింది. దాన్ని ఒక కొలిక్కి తెచ్చింది ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో ఓటో లోవీ చేసిన ప్రయోగం. ఒక రాత్రి ఆయనకు కలలో ఆ ప్రయోగం తట్టిందట. నిద్రమత్తులో కాగితం మీద గీకి పడుకుంటే పొద్దున ఆ రాత ఆయనకే అర్థం కాలేదు. మర్నాడు రాత్రి అదే కల మళ్లీ వచ్చింది. ఈసారి రాసుకోకుండా లేచి నేరుగా ల్యాబుకు వెళ్లిపోయారు. రెండు కప్ప గుండెలు తీసుకున్నారు. అవి ఉప్పునీటి ద్రావణంలో ఉంటే బయట కూడా కాసేపు కొట్టుకుంటూ ఉంటాయి. మొదటి గుండెకు వేగస్ నరం, అంటే మెదడు నుంచి గుండెకు వచ్చే నరం, ఉంది, రెండోదానికి లేదు. వేగస్ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే మొదటి గుండె నెమ్మదించింది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి రెండో గుండె మీద పోశారు. నరమే లేని ఆ గుండె కూడా నెమ్మదించింది. అంటే నరం ఏదో ఒక పదార్థాన్ని ద్రావణంలోకి వదిలింది, కబురు ఆ పదార్థంలో ఉంది. 1921లో లోవీ ఈ ఫలితాన్ని ప్రచురించారు. ఆ పదార్థమే ఎసిటైల్‌కోలిన్. ఇంగ్లండులో దీని మీదే పనిచేసిన హెన్రీ డేల్‌తో కలిపి 1936లో నోబెల్ ఇచ్చారు. రెండేళ్లకే నాజీలు లోవీని అరెస్టు చేశారు. ఆ బహుమతి సొమ్మును తమ చేతుల్లోని బ్యాంకుకు బదిలీ చేయించుకున్నాక గానీ దేశం దాటనివ్వలేదు.

చిక్కుముడి ఇక్కడే మొదలవుతుంది. లోవీ ప్రయోగంలో ఎసిటైల్‌కోలిన్ గుండెను నెమ్మదింపజేసింది. మరి మన చేతి కండరానికి ముడుచుకోమని చెప్పేది కూడా అదే ఎసిటైల్‌కోలిన్. ఒకచోట ఆగమని, ఇంకోచోట కదలమని. అణువు ఒక్కటే, అందులో ఒక్క పరమాణువు కూడా తేడా లేదు. అలాంటప్పుడు అర్థం ఎక్కడుంది?

అర్థం ఉండేది పంపేవాడి దగ్గర కాదు, అందుకునేవాడి దగ్గర. గుడిలో గంట మోగితే భక్తుడు దణ్ణం పెడతాడు, బడిలో గంట మోగితే పిల్లలు ఇంటికి పరిగెత్తుతారు. కణం పొర మీద ఉండి రసాయన కబురును అందుకునే ప్రొటీన్లను రిసెప్టర్లు అంటారు, మన పుస్తకాల్లో గ్రాహకాలు. కేంబ్రిడ్జిలో లాంగ్లీ అనే శాస్త్రవేత్త 1905లోనే ఈ ఊహ చేశాడు. నరం తెగిపోయినా సరే, కండరం మీద నికోటిన్ వేస్తే ముడుచుకుంటోంది, క్యురారే అనే విషం వేస్తే ఆగిపోతోంది. అంటే కండరంలోనే ఈ రసాయనాలను పట్టుకునేది ఏదో ఉండాలి అన్నాడు.

ఎసిటైల్‌కోలిన్‌కు రెండు జాతుల రిసెప్టర్లు ఉన్నాయి. వాటి పేర్లు రెండు మొక్కల విషాల నుంచి రావడం విచిత్రం, కాకపోతే రెండోది నిజానికి పుట్టగొడుగు. పొగాకులోని నికోటిన్‌కు స్పందించేవి నికోటినిక్ రిసెప్టర్లు. ఒక జాతి పుట్టగొడుగులోని మస్కరిన్‌కు స్పందించేవి మస్కరినిక్ రిసెప్టర్లు. ఎసిటైల్‌కోలిన్ చేసే పనులను ఇలా రెండు తెగలుగా విడదీసి 1914లోనే చూపించినవాడు డేల్.

రెండూ ఒకే అణువును పట్టుకుంటాయన్న మాటే గానీ, పని తీరులో వాటికి పోలికే లేదు. నికోటినిక్ రిసెప్టర్ ఒక ద్వారం. అయిదు ప్రొటీన్ ముక్కలు గుండ్రంగా నిలబడి నడుమ ఒక సన్నటి గొట్టం వదిలినట్టు ఉంటుంది. రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులు వచ్చి తగలగానే ఆ గొట్టం తెరుచుకుంటుంది, సోడియం లోపలికి దూసుకుపోతుంది, ఇంచుమించు ఒక మిల్లీసెకనులో మళ్లీ మూసుకుంటుంది. కండరాలకు కావాల్సింది ఇదే. వీణ వాయించే వేలికి కబురు ఆలస్యంగా చేరితే కుదరదు కదా.

మస్కరినిక్ రిసెప్టర్ ద్వారం కాదు, కాలింగ్ బెల్లు లాంటిది. బయట నొక్కితే లోపల ఇంకెవరో లేచి వచ్చి పని మొదలుపెట్టాలి. కణం లోపలి జి-ప్రొటీన్లు ఆ పని చేస్తాయి. అందుకే దీని ప్రభావం నెమ్మదిగా మొదలై సెకన్ల పాటు సాగుతుంది. లాలాజల గ్రంథిలో బెల్లు మోగితే నీరు ఊరుతుంది. పేగులో మోగితే పేగు ముడుచుకుంటుంది. కంటిపాప చుట్టూ ఉన్న కండరంలో మోగితే పాప చిన్నదవుతుంది. గుండెలో ఉన్న రకానికి మోగితే పొటాషియం బయటికి పోయే దారులు తెరుచుకుని గుండె నెమ్మదిస్తుంది. లోవీ చూసింది దాన్నే.

ఇక కబురు ఎలా ఆగుతుంది? నా మటుకు నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్ప సంగతి ఇదే. నరం కొసలో ఎసిటైల్‌కోలిన్ చిన్న చిన్న సంచుల్లో నింపి సిద్ధంగా ఉంటుంది, ఒక్కో సంచిలో కొన్ని వేల అణువులు. విద్యుత్ కబురు వచ్చి, కాల్షియం లోపలికి రాగానే ఆ సంచులు పొరకు అతుక్కుని సందులోకి ఒలికిపోతాయి. ఒలికింది అక్కడే ఉండిపోతే రిసెప్టర్ మళ్లీ మళ్లీ తెరుచుకుంటూనే ఉంటుంది. అందుకని సందులోనే ఒక ఎంజైమ్ కాపు కాస్తుంది. పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఇది ఒక్క అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను ముక్కలు చేయగలదు. మనకు తెలిసిన అత్యంత వేగమైన ఎంజైముల్లో ఇదొకటి. మనం ఒక వేలు ఎత్తి దించామంటే, దించడం కుదిరింది ఈ ఎంజైమ్ వెంటవెంటనే ఊడ్చేయబట్టే.

మావయ్య చొక్కాను తడిపింది ఆర్గనోఫాస్ఫేట్ మందు. క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటివన్నీ ఆ కుటుంబమే. ఇవి ఏ రిసెప్టర్‌నూ ముట్టుకోవు. నేరుగా ఊడ్చే ఎంజైమ్ దగ్గరికి పోయి, దాని పనిచేసే చోట ఒక ఫాస్ఫేట్ ముక్కను అతికిస్తాయి. ఇక ఆ ఎంజైమ్ పని అయిపోయినట్టే. పురుగులో జరిగేదీ ఇదే, మనిషిలో జరిగేదీ ఇదే. ఎంజైమ్ ఇద్దరిలోనూ దాదాపు ఒకటే కాబట్టి, ఈ మందుకు పురుగు ఎవరో రైతు ఎవరో తెలియదు.

ఊడ్చేవాడు లేకపోతే ఎసిటైల్‌కోలిన్ పనిచేసే ప్రతి సందులోనూ అది పేరుకుపోతుంది. మస్కరినిక్ బెల్లు ఆగకుండా మోగుతుంది. కన్నీరు, చొంగ, చెమట, విరేచనాలు, సూదిమొనంత కంటిపాప, నెమ్మదించిన గుండె, ఊపిరితిత్తుల నిండా నీరు, అన్నీ దాని వల్లే. నికోటినిక్ ద్వారాలు పదేపదే తెరుచుకుని కండరాలు అదురుతాయి. మావయ్య తొడలో నేను చూసింది అది. ఆ రాత్రి నాకు గందరగోళంగా కనిపించిన లక్షణాల జాబితా నిజానికి శరీరంలో ఎసిటైల్‌కోలిన్ ఎక్కడెక్కడ పనిచేస్తుందో చెప్పే చిరునామాల పట్టిక.

అట్రోపిన్ ఏం చేసిందో ఇప్పుడు చెప్పడం సులువు. అది మస్కరినిక్ రిసెప్టర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, బెల్లు మాత్రం నొక్కదు. ఎసిటైల్‌కోలిన్ ఎంత పేరుకున్నా కూర్చోవడానికి చోటు దొరకదు. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గేదాకా, గుండె పుంజుకునేదాకా డాక్టర్లు దాన్ని ఎక్కిస్తూ పోతారు. ఎక్కువైతే ఇంకో బాధ. రెండో రాత్రి మావయ్య గాల్లో లేని దారాలు పీకుతూ, దుప్పటి గిల్లుతూ, చనిపోయిన తాతయ్యతో మాట్లాడాడు. ఒళ్లు కాలిపోతోంది, నోరు పిడచకట్టుకుపోయింది. అత్తయ్య భయపడి ఏడ్చేసింది. డాక్టరు చూసి అట్రోపిన్ తగ్గించారు, తెల్లారేసరికి సర్దుకుంది. ఉమ్మెత్తకాయ తిన్నవాడు పిచ్చిగా మాట్లాడతాడని మన ఊళ్లలో అందరికీ తెలుసు. ఉమ్మెత్తలో ఉండేవి అట్రోపిన్, దాని దగ్గరి బంధువు స్కోపోలమిన్. మెదడులోని మస్కరినిక్ రిసెప్టర్లు మూతపడితే మనిషి అలాగే అవుతాడు.

అయితే అట్రోపిన్‌కు ఒక హద్దుంది. అది మస్కరినిక్ తాళాలకే పడుతుంది, నికోటినిక్ ద్వారాల జోలికి పోదు. చొంగ ఆగింది, గుండె కోలుకుంది, కంటిపాప పెద్దదైంది, మనిషి తేరుకున్నాడని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అదే సమయంలో కండరాల దగ్గర ఎసిటైల్‌కోలిన్ ఇంకా పేరుకునే ఉంటుంది. నికోటినిక్ ద్వారాన్ని రోజుల తరబడి అలా కొడుతూనే ఉంటే అది అదరడం మానేసి మొద్దుబారిపోతుంది. కండరం పడిపోతుంది. సాధారణంగా విషం ఎక్కిన ఒకటి నుంచి నాలుగు రోజుల లోపు ఇది రావచ్చు. 1987లో శ్రీలంక డాక్టర్లు సేననాయకే, కరల్లియెడ్డె దీన్ని విడిగా గుర్తించి ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఇందులో ముందుగా బలహీనపడే వాటిలో మెడ కండరాలు ఉంటాయి. ఆ వెనకే ఊపిరి పీల్చే కండరాలు. మెడ ఎత్తలేకపోతున్నాడంటే వెంటిలేటరు దగ్గరపెట్టుకోవాలని లెక్క.

ఎంజైమ్‌కు అతుక్కున్న ఫాస్ఫేట్‌ను పీకేయడానికి ప్రాలిడాక్సిమ్ అనే మందు ఉంది, హాస్పిటళ్లలో పామ్ అంటారు. ఆలోచన చక్కగా ఉంటుంది, ఫలితాలు మాత్రం ఒకేలా రాలేదు. 2006లో మహారాష్ట్రలోని బారామతిలో జరిగిన పరీక్షలో మేలు కనబడింది, 2009లో శ్రీలంక పరీక్షలో కనబడలేదు. ఆలస్యమైతే ఆ అతుకు గట్టిపడిపోతుంది, తర్వాత ఏ మందూ దాన్ని ఊడదీయలేదు. అప్పుడిక శరీరం కొత్త ఎంజైమ్ తయారు చేసుకునేదాకా ఊపిరి నిలబెట్టడమే వైద్యం. అందుకే కారే ట్యాంకుతో మందు కొట్టొద్దని, తడిసిన చొక్కా అక్కడికక్కడే విప్పి సబ్బుతో ఒళ్లు కడుక్కోవాలని ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. పొరపాటున జరిగినా, మనసు బాగోలేక ఎవరైనా తాగినా, గంటలు లెక్కపెట్టుకోవాల్సిన విషయం ఇది. త్వరగా హాస్పిటల్‌కు చేరినవాళ్లలో బతికి ఇంటికొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ ఒక్క సందు అర్థమైతే, బయటికి సంబంధం లేనట్టు కనిపించేవి ఎన్నో ఒక్కసారిగా కలుస్తాయి. నాగుపాము విషం నికోటినిక్ రిసెప్టర్ మీద కూర్చుని దాన్ని మూసేస్తుంది. ఎసిటైల్‌కోలిన్ ఉంటుంది, దిగే చోటుండదు. ముందు కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత మింగలేరు, తర్వాత ఊపిరి. ఇక్కడ ఎంజైమ్‌ను కాసేపు ఆపే నియోస్టిగ్మిన్ ఇస్తే ఎసిటైల్‌కోలిన్ పెరిగి, విషంతో పోటీపడి కొంత చోటు దక్కించుకుంటుంది. పొలంలో విషమైన పనే ఇక్కడ మందు. కట్లపాము కాటులో మాత్రం ఇది అంతగా పనిచేయదు, ఎందుకంటే దాని విషం అవతలి గట్టుతో ఆగదు, నరం కొసనే పాడు చేస్తుంది. సంచులే లేనప్పుడు ఎంజైమ్‌ను ఆపి ఏం లాభం? అందుకే కట్లపాము కరిచినవాళ్లు రోజుల తరబడి వెంటిలేటరు మీద ఉండాల్సి వస్తుంది.

మయస్థీనియా అనే జబ్బులో శరీరమే తన నికోటినిక్ రిసెప్టర్ల మీద యాంటీబాడీలు తయారు చేస్తుంది. పొద్దున బాగానే ఉన్న కనురెప్పలు సాయంత్రానికి వాలిపోతాయి. 1934లో లండన్‌లో మేరీ వాకర్ అనే డాక్టరు, ఈ రోగులు అచ్చం క్యురారే ఎక్కినవాళ్లలా ఉన్నారే అని గమనించి, క్యురారేకు విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి చూసింది. అది కూడా ఊడ్చే ఎంజైమ్‌ను కాసేపు ఆపేదే. వాలిన రెప్పలు లేచాయి. రిసెప్టర్ అంటే ఏమిటో ఎవరూ కళ్లతో చూడని రోజుల్లో చేసిన పని అది.

మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లకు రాసే డోనెపెజిల్ మాత్ర కూడా ఇదే ఎంజైమ్‌ను ఆపుతుంది. తేడా అల్లా, ఇది వదిలిపెట్టేలా పట్టుకుంటుంది, పురుగుమందు వదలదు. ఆ మాత్ర మొదలుపెట్టాక తాతగారికి విరేచనాలవుతున్నాయన్నా, నాడి నెమ్మదించిందన్నా కారణం మీరే చెప్పగలరు ఇప్పుడు. ఆపరేషన్ కోసం మందుతో వదులు చేసిన కండరాలు తిరిగి పనిచేయడానికి చివర్లో నియోస్టిగ్మిన్ ఇస్తూ, దాంతోపాటే అట్రోపిన్ లాంటి గ్లైకోపైరోలేట్ కలపడం కూడా ఈ లెక్కే. మొదటిది కండరాల కోసం, రెండోది ఆ పెరిగిన ఎసిటైల్‌కోలిన్ గుండె దగ్గర బెల్లు కొట్టకుండా.

ఫోన్లో రోజూ చూస్తుంటాం, డోపమైన్ అంటే ఆనందం, సెరటోనిన్ అంటే మనశ్శాంతి అని. ఇది నాకు మనసుకు పట్టని మాట. వాంతులకు వేసుకునే డోంపెరిడోన్ ఆపేది డోపమైన్ రిసెప్టర్‌ను. ఆన్‌డాన్‌సెట్రాన్ ఆపేది సెరటోనిన్ రిసెప్టర్‌ను. ఆ మాత్ర వేసుకుంటే ఆనందం, శాంతి ఆగిపోవడం లేదు కదా, కక్కు ఆగుతోంది. శరీరంలోని సెరటోనిన్‌లో చాలా భాగం ఉండేది పేగుల్లోనే. ఎసిటైల్‌కోలిన్‌కు ఒకే అర్థం లేనట్టే వీటికీ లేదు. ఏ అణువు అని అడిగి ఊరుకుంటే సగం ప్రశ్నే అడిగినట్టు. ఎక్కడ, ఏ రిసెప్టర్ మీద, ఎంతసేపు అని కూడా అడగాలి.

పురుగుమందులు తయారు చేసేవాళ్లకూ ఈ పాఠం తెలిసొచ్చింది. మిరప రైతులందరికీ తెలిసిన ఇమిడాక్లోప్రిడ్ ఎంజైమ్‌ను వదిలేసి నేరుగా నికోటినిక్ రిసెప్టర్‌కు పోతుంది. పురుగుల రిసెప్టర్ ఆకారం మన రిసెప్టర్ కంటే కొంచెం వేరు, ఆ మందు పురుగుదాన్నే చాలా గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి ముప్పు తగ్గింది. తేనెటీగ కూడా పురుగే కాబట్టి దానికి తగ్గలేదు.

అయిదో రోజు పొద్దున డాక్టరు మళ్లీ వచ్చారు. మావయ్య ఆయన అడక్కముందే తల ఎత్తాడు. డాక్టరు నుదుటి మీద అరచెయ్యి పెట్టి వెనక్కి నొక్కారు. మావయ్య తల దించలేదు. ఆ చేతిని ఎదుర్కొని అలాగే పట్టి ఉంచాడు, మెడ నరాలు తేలాయి. ఆయన మనసులో పది దాకా లెక్కపెట్టినట్టున్నారు. చెయ్యి తీసి, కేస్ షీట్లో ఏదో రాసి, అత్తయ్య వైపు తిరిగి "ఇవాళ మెత్తగా అన్నం, చారు పెట్టండమ్మా" అన్నారు.